ప్యాచ్ వేసేవాడికి చప్పట్లు ఉండవు

కేసముద్రంలో మా మామకు చిన్న జిరాక్సు షాపుంది. అందులోని పాత 32-బిట్ కంప్యూటరులో డెబియన్ 12 వేసిచ్చింది నేనే. మొన్న నాతో హైదరాబాదు నుంచి వచ్చిన మిత్రుడు దాన్ని చూసి నవ్వాడు. "ఇంకా పాత వెర్షనేనా అంకుల్? 13 వచ్చింది కదా!"

"మంచిగనే నడుస్తున్నది గద బిడ్డా, ఎందుకు మార్చాలె?" అన్నాడు మామ.

నా కొట్లాట ఆ నవ్వుతోనే.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, పాత 32-బిట్ పీసీలకు కెర్నెలూ ఇన్‌స్టాలరూ ఇవ్వడం మానేసింది. కాబట్టి మామకు "అప్‌గ్రేడ్ చేసుకో" అని చెప్పడమంటే కొత్త మిషను కొనుక్కోమనడమే. జేబులో డబ్బున్నవాడి సలహా అది.

పైగా కొత్తదంతా భద్రమేమీ కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేరులో ఎవరో దొంగదారి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టాడు. డెబియన్‌లో అది టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల దాకా వచ్చేసింది. స్టేబుల్ వాడుతున్నవాళ్ళు బతికిపోయారు.

అట్లని పాతదాన్ని గాలికొదిలేస్తే? 2017 మేలో వనాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకు కూడా సోకింది. ఆ విండోస్ లోపానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. కానీ మద్దతు ఆగిపోయిన ఎక్స్‌పీకి దాడి మొదలయ్యాక గానీ అందరికీ ఇవ్వలేదు. పాతబడటం ప్రమాదం కాదు, పట్టించుకునే దిక్కు లేకపోవడం ప్రమాదం.

పట్టించుకోవడమంటే మాటలా? కొత్త కోడులో చేసిన సవరణను ఐదేళ్ళనాటి కోడుకు అతికేలా తిరగరాయాలి. లోపం పోవాలి, ఉన్న పని చెడిపోకూడదు. డెబియన్‌లో మామూలు భద్రతా మద్దతు మూడేళ్ళు. 2014లో మొదలైన ఎల్‌టీఎస్ దాన్ని ఐదేళ్ళకు పొడిగిస్తోంది, అదీ కొన్ని సంస్థలు డబ్బిస్తున్నాయి కాబట్టి. 2023లో లైనక్స్ కెర్నెల్ వాళ్ళు ఆరేళ్ళ మద్దతును రెండేళ్ళకు తగ్గిస్తామన్నారు. చేసేవాళ్ళు అలసిపోయారన్నది ఒక కారణం. అలసిపోరా మరి?

2024 సెప్టెంబరు 1న మా ఊరికీ ఇంటికన్నెకూ మధ్య వరదకు రైలుకట్ట కొట్టుకుపోయింది. ఎక్కడి బండ్లక్కడ ఆగిపోయాయి. కూలీలు రాత్రింబగళ్ళు కంకర పోసి, కొద్దిరోజుల్లోనే దారి నిలబెట్టారు. అప్పుడు ఎవరూ "పాత లైనెందుకు, కొత్తది వేసుకోండి" అనలేదే! కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకు మరమ్మతు చిన్నచూపు.

"ఉచితం" అన్న మాటను మన ప్రభుత్వాలూ కంపెనీలూ "ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు" అని చదువుకున్నాయి. ఏసీకీ జెనరేటరుకూ ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు రాస్తారు. సర్వర్లను నడిపే కోడుకు ఒక్క రూపాయి రాయరేం? ఇంజినీరింగు కాలేజీల్లో ప్రాజెక్టంటే మరో కొత్త యాపే. పాత ప్యాకేజీకి ఒక ప్యాచ్ అతికించి, పరీక్షించి పంపడం ప్రాజెక్టు కాదా? ఇక మనం. స్వేచ్ఛ గురించి వ్యాసాలు రాస్తాం, కొత్త డెస్క్‌టాప్ స్క్రీన్‌షాట్లు పంచుకుంటాం. నేనూ అంతే. డెబియన్ వాడబట్టి పదేళ్ళు, ఒక్క ప్యాచ్ పరీక్షించిన పాపాన పోలేదు.

డెబియన్ 12 ఎల్‌టీఎస్ గడువు 2028 జూన్ 30. మామకు ఆ సంగతి చెప్పాను.

"అటెనుక ఎవరు చూస్తరు మరి?" అన్నాడు.

జవాబు చెప్పాల్సింది ఆయన కాదు, మనం.