ఉప్పుమడిలో దొరికిన పల్లవి



సైన్సు చదివే పిల్లలున్న ఇంట ఒక ప్రశ్న తరచుగా వినబడుతుంది: "ఇది ఎందుకిలా ఉంది?" దానికి పెద్దలమైన మన నోట వెంటనే వచ్చే జవాబు కూడా ఒకటుంది: "అది తెలిస్తే కూడు పెడుతుందా? పరీక్షకు వచ్చేది చదువుకో." అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి అలా అంటే తప్పు పట్టలేము. మేమూ మా పిల్లలతో అలా అన్నవారమే. అందుకే ఈ నెల ఒక విద్యార్థి సంగతి మీతో చెప్పదలిచాము. అతని ప్రశ్నకు జవాబు దొరకడానికి పదేండ్లకు పైగా పట్టింది. ఆ జవాబు రోగికి మందుగా మారడానికి మరి ఇరవై ఏండ్లు పట్టింది.

స్పెయిన్ దేశపు తూర్పు తీరమున సాంతా పోలా అనే ఊరు ఉన్నది. మన నౌపడలోను చినగంజాములోను ఉన్నట్లే అక్కడ కూడా ఉప్పుమడులు ఉన్నాయి. నీరు ఎండి ఉప్పు తేలే ఆ మడులలో చేప బ్రతకదు, గడ్డి మొలవదు. అయినా కంటికి కనబడని ఒక సూక్ష్మజీవి అక్కడ సుఖముగా బ్రతుకుతుంది. అంత ఉప్పును అది ఎలా తట్టుకుంటున్నది? ఈ ప్రశ్న పట్టుకొని 1989లో ఫ్రాన్సిస్కో మొహీకా అనే యువకుడు దగ్గరలోని అలికాంతె విశ్వవిద్యాలయములో పరిశోధక విద్యార్థిగా చేరాడు.

ప్రతి జీవి కణములోను డి.ఎన్.ఏ. అనే పదార్థము ఉంటుందని మన పిల్లల పుస్తకాలలో ఉన్నది గదా. అది నాలుగే నాలుగు అక్షరాలతో వ్రాసిన పొడవైన వ్రాత వంటిది. ఆ వ్రాతను చదువుతుండగా మొహీకాకు ఒక వింత కనబడింది. సుమారు ముప్పై అక్షరాల ముక్క ఒకటి వచ్చింది. కొంత ఎడముగా అదే ముక్క మళ్ళీ వచ్చింది, ఆ తరువాత మళ్ళీ వచ్చింది. పాటలో చరణము తరువాత చరణమునకు పల్లవి తిరిగి వచ్చినట్లు! మధ్యనున్న చరణాలు మాత్రము దేనికదే వేరు. ఇది దేనికో ఎవరికీ తెలియదు. వెదకి చూడగా, జపానులోని ఒసాకాలో కొందరు శాస్త్రజ్ఞులు 1987లోనే మరొక సూక్ష్మజీవిలో ఇటువంటిదే చూచి, దీని భావము తెలియదని వ్రాసి విడిచిపెట్టారని తెలిసింది. మొహీకా తాను చూచినది 1993లో ప్రచురించాడు.

ఎక్కడో ఉప్పునీటిలో బ్రతికేదానికి, జపానువారు చూచిన పేగులలోని క్రిమికి ఒకే తీరు పల్లవి ఎందుకుండాలి? ఏదో అవసరమైన పని లేకుండా ఉండదని అతని నమ్మకము. డబ్బు సహాయము దొరకడము కష్టమైనా అతడు ఈ ప్రశ్నను విడువలేదు. 2000 నాటికి ఇరవై రకాల సూక్ష్మజీవులలో ఆ పల్లవిని గుర్తించాడు.

2003 వేసవిలో అతడు పల్లవిని ప్రక్కన పెట్టి, చరణాలను పరీక్షించడము మొదలుపెట్టాడు. ఒక చరణము ఒక వైరసు వ్రాతతో సరిపోయింది. ఏ జీవిలో ఆ చరణము ఉన్నదో ఆ జీవికి ఆ వైరసు సోకదని అప్పటికే తెలుసు! అప్పుడు గుట్టు బయటపడింది. ఆ చరణాలు శత్రువుల ఆనవాళ్ళు. ఒకసారి దొంగను పట్టుకున్న తరువాత పోలీసువారు వాని వేలిముద్రలు దాచి ఉంచినట్లు, ఈ చిన్న జీవి తనమీదికి వచ్చిన వైరసు ముక్కను దాచుకొని, అది మళ్ళీ వస్తే గుర్తుపట్టి కత్తిరించి వేస్తుంది. ఈ సంగతి వ్రాసి పంపితే పెద్ద పత్రికలు త్రిప్పి పంపాయి. చివరకు 2005లో అచ్చయింది. 2007లో పెరుగు తోడుకు వాడే సూక్ష్మజీవులమీద చేసిన ప్రయోగము ఇది నిజమేనని రుజువు చేసింది.

దీనికే క్రిస్పర్ అని పేరు. 2012లో ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు స్త్రీలు ఈ జీవుల కత్తెరకు మనము కోరిన ఆనవాలు ఇచ్చి, డి.ఎన్.ఏ.లో కోరిన చోట కత్తిరింపజేయవచ్చునని చూపించారు. 2020లో వారికి రసాయన శాస్త్రములో నోబెల్ బహుమతి వచ్చింది. మొహీకాకు అందులో భాగము రాలేదు.

ఇక మన సంగతికి వద్దాము. మన ఏజెన్సీ ప్రాంతాలలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నదని మీకు తెలుసు. డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరము మారినందున, తల్లిదండ్రులిద్దరినుండి ఆ మార్పు సంక్రమించిన బిడ్డకు గుండ్రని రక్తకణాలు కొడవలివలె వంగిపోతాయి. సన్నని నాళాలలో చిక్కుకొని భరింపరాని నొప్పి కలిగిస్తాయి. 2023 చివరలో బ్రిటను, అమెరికా దేశాలు ఈ వ్యాధికి క్రిస్పర్ చికిత్సను అనుమతించాయి. రోగి ఎముక మజ్జకు చెందిన మూలకణాలను బయటకు తీసి, తల్లి గర్భములో ఉండగా పనిచేసిన రక్తపు రంగు పదార్థము మళ్ళీ తయారయ్యేటట్లు సవరించి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అంటే నాటి లెక్కన పద్దెనిమిది కోట్ల రూపాయలకు పైమాట. పాడేరు కొండలలోని తల్లికి ఆ మందు ఉన్నా లేనట్లే. ఢిల్లీలోని ప్రభుత్వ పరిశోధనాలయములో మనవారు తక్కువ ఖర్చుతో ఇటువంటి చికిత్స కొరకు కృషి చేస్తున్నారు. ఈలోగా రక్తపరీక్ష చేయించుకొనుట, ముఖ్యముగా పెండ్లికి ముందు చేయించుకొనుట, మన చేతిలోనే ఉన్నది. ఇందుకొరకు 2023 జూలైలో ప్రభుత్వము దేశవ్యాప్త కార్యక్రమము ప్రారంభించింది.

ఈ కత్తెర మన పొలము గట్టుకు కూడా వచ్చింది. 2025 మే నెలలో హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థవారు బాపట్ల సాంబ మసూరిని ఇలా సవరించి 'కమల' అనే వంగడమును ప్రకటించారు. పంట ముందుగా కోతకు వస్తుందని, దిగుబడి పెరుగుతుందని వారు చెప్పారు. కొందరు దానిమీద అభ్యంతరాలు కూడా తెలిపారు. చివరి తీర్పు రైతు కళ్ళములోనే తేలాలి.

అయితే కత్తెర ఎవరి చేతిలో ఉన్నదో కూడా చూడాలి. 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు పుట్టబోయే పిల్లల డి.ఎన్.ఏ.నే సవరించాడు. కవలలైన ఆడపిల్లలు పుట్టారు. ఆ మార్పు వారి పిల్లలకు కూడా సంక్రమించవచ్చును. లోకమంతా ఖండించింది, 2019లో న్యాయస్థానము అతనికి మూడేండ్ల జైలుశిక్ష విధించింది. మనకు తోచినట్లు బిడ్డను దిద్దుకొనే అధికారము మనకున్నదా? ఈ ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు దొరకదు. ఇంట్లో, సంఘములో, పెద్దలు పిన్నలు కలిసి కూర్చుండి ఆలోచించవలసినది ఇది.

తల్లులారా, తండ్రులారా! ఉప్పునీటి జీవిని చూస్తూ కూర్చున్న ఆ విద్యార్థిని 1993లో ఎవరైనా "ఇది దేనికి పనికివస్తుంది?" అని అడిగి ఉంటే, "తెలియదు" అన్నదే అతడు ఇవ్వగలిగిన నిజమైన జవాబు. కనుక ఈ సాయంత్రము మీ అబ్బాయో అమ్మాయో ఏదైనా వింత సంగతి చెప్పవస్తే, పొమ్మనకండి. దీపము దగ్గర కాసేపు కూర్చుండి వినండి. చివరలో ఒక్క మాట మీరూ అడగండి: "దీనివల్ల ఎవరికి మేలు కలుగుతుంది, బాబూ?" మేమూ మా ఇంట ఈ రెండు పనులు మొదలుపెట్టాము.