నొప్పిని వినరు, గర్భసంచిని తీసేస్తారు

"పెళ్ళయితే తగ్గుతుంది", "ఒక కాన్పయితే అదే పోతుంది" - నెలనెలా నొప్పితో మెలికలు తిరిగే ఆడపిల్లకు మన ఇళ్ళలో దొరికే వైద్యమిది. సంఘం సమావేశాల్లో ఈ మాటలు నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఓర్చుకోవడం ఆడదాని గుణమట! ఆ ఓర్పు చాటున ముదిరే జబ్బు ఎండోమెట్రియోసిస్.

గర్భసంచి లోపలి పొరలాంటిదే సంచి బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లల్ని కనే వయసు స్త్రీలలో నూటికి పదిమందికి ఇది ఉంది. స్కానింగులో కనపడనంత మాత్రాన లేదనుకోడానికి వీల్లేదు.

ఏళ్ళ తరబడి మన నొప్పిని కొట్టిపారేసిన వైద్యమే ఒకరోజు "సంచి తీసేద్దాం" అంటుంది. సంచి బయట ఉన్న జబ్బు సంచి తీస్తే పోతుందన్న హామీ ఏది? అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగి ఎముకలు గుల్లబారతాయి.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో నూటికి ముగ్గురు; ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. అన్నీ ఈ జబ్బుకే చేసినవి కావు. కానీ మన గర్భసంచులకే ఇన్ని రోగాలా?

నొప్పి మాత్రలు, హార్మోన్ మాత్రలు, అవసరమైతే లాపరోస్కోపీతో ఆ పెరుగుదలను మాత్రమే తొలగించే ఆపరేషన్ ఉన్నాయి. ఇవన్నీ మనకు వివరించాకే కత్తి పట్టాలి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన జిల్లాలో అది ఎక్కడుందో, ఎన్ని కేసులు పరిశీలించిందో కలెక్టరును నిలదీసి అడుగుదాం.