సాయంత్రం కాఫీకి సెలవిద్దాం

న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో తరచూ ఒక సందేశం తిరుగుతుంటుంది: కాఫీ మానండి, గ్రీన్ టీ తాగండి, పొట్ట కరిగిపోతుంది! పొట్ట సంగతి పక్కన పెట్టండి. గ్రీన్ టీతో బరువు తగ్గినా, అది చెప్పుకోదగ్గంత ఉండదు. అయినా మా ఇంట్లో సాయంత్రం కాఫీ తీసేసి గ్రీన్ టీ పెట్టాను. కారణాలు వేరు.

మన కాఫీ అంటే ఇండియన్ షాపులో కొన్న చికోరీ కలిపిన కాఫీ పొడి, స్టీలు ఫిల్టర్లో దిగిన చిక్కటి డికాక్షన్, నీలం మూత సీసాలో వచ్చే వెన్న తీయని పాలు, రెండు చెంచాల పంచదార. రోజుకు మూడు కప్పులంటే పంచదారే 24 గ్రాములు. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మనం ఆ కోటా కాఫీతోనే కానిచ్చేసి, తర్వాత బిస్కెట్ల డబ్బా మూత తీస్తాం.

ఇక నిద్ర. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. మా ఆయనది డెయిరీ ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు. సాయంత్రం ఐదింటికి కాఫీ తాగి, రాత్రి పదకొండు దాకా మంచం మీద దొర్లేవారు. గ్రీన్ టీకి మారాక పదింటికల్లా గురక వినిపిస్తోంది. కప్పు గ్రీన్ టీలో కెఫీన్ సుమారు 30 మిల్లీగ్రాములు. కాఫీలో దానికి రెండు మూడు రెట్లు.

అలాగని కాఫీ విషమేమీ కాదు. కాఫీ తాగేవారిలో కాలేయ జబ్బులు, టైప్-2 మధుమేహం తక్కువని చాలా అధ్యయనాలు చూపాయి. గ్రీన్ టీకీ వంకలున్నాయి. భోజనంతో పాటు తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు అన్నం తిన్న గంట తర్వాతే తాగాలి. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు కొందరి కాలేయాన్ని దెబ్బతీశాయి. వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

మా ఊరి పక్కనే, గోర్డన్‌టన్‌లో జీలాంగ్ తేయాకు తోట ఉంది. 1996లో తైవాన్ నుంచి తెచ్చిన 1,500 మొక్కల్లో క్వారంటైన్ దాటి బతికినవి 130 మాత్రమే. అక్కడి నుంచి పెరిగిందే ఈ తోట. ఆ ఆకు ఖరీదెక్కువ. రోజూ తాగడానికి సూపర్‌మార్కెట్ పొట్లం చాలు. ఏ ఆకైనా మన టీలా మరిగించకండి. కాగిన నీళ్లు 80 డిగ్రీలకు చల్లారాక పోసి, రెండు నిమిషాల్లో వడకట్టండి. మరిగిస్తే చేదెక్కుతుంది, చేదని పంచదార వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

పొద్దున్నే ఫిల్టర్ కాఫీ హాయిగా తాగండి. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం పంచదార లేని గ్రీన్ టీకి మారండి. ఆ ఒక్క మార్పు చాలు.