ఆకాశమునకు కాటా

ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా సరుకుల టోకు వ్యాపారము చేయు శెట్టిగారొకరు నాకు చిరకాల మిత్రులు. మొన్న వారి దుకాణములో మాటల సందర్భమున లైగో-ఇండియా ప్రస్తావన వచ్చినది. 2023లో కేంద్ర మంత్రివర్గము దానికి 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసినదని చెప్పగానే ఆయన పద్దు పుస్తకము మూసి, "పంతులుగారూ! ఎక్కడనో రెండు కృష్ణబిలములు కలిసిన నాకేమి? ఈ బస్తాలు మోయు హమాలీకేమి?" అని యడిగిరి.

విద్యార్థులారా, ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయువారు విజ్ఞానమునకు మేలు చేయరు. పన్ను కట్టినవానికి లెక్క యడుగు హక్కు కలదు.

నేనాయన కాటానే చూపితిని. "దీనిపై ఒక్క కందిపప్పు బద్ద వేసిన అంకె మారునా?" "మారదు. దానికి బంగారపు కొట్టులోని త్రాసు కావలెను" అనిరి. లైగో అట్టి త్రాసే. సమకోణముగ నిలిచిన రెండు భుజములు, ఒక్కొక్కటి 4 కిలోమీటర్లు. లేజరు కిరణము రెంటిలోను పోయి అద్దములను తాకి తిరిగి వచ్చును. గురుత్వ తరంగము భూమిని దాటునపుడు ఒక భుజము సాగి, రెండవది కుదియును. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని రెండు లైగోలు మొదటిసారి పసిగట్టిన భేదము ప్రోటాను వ్యాసములో నూఱవ వంతుకంటెను తక్కువ! నాడు కలిసిన కృష్ణబిలములు రమారమి 36, 29 సూర్యుల బరువు గలవి. కలిసిన పిదప మిగిలినది 62.

"మఱి మూడు సూర్యుల తరుగు?" అని శెట్టిగారు వెంటనే పట్టుకొనిరి. ఆ తరుగే తరంగములై 130 కోట్ల సంవత్సరములు ప్రయాణించి మనయొద్దకు వచ్చినది.

ఇంత సున్నితమైన త్రాసునకు లారీలు తిరుగు గంజ్ పనికిరాదు. కావుననే హింగోలి జిల్లాలోని ఔంఢాను ఎన్నుకొనిరి. అది 1956 వఱకు మన హైదరాబాదు రాష్ట్రములోనిదే. త్రాసు లెన్ని యున్న దిక్కు అంత స్పష్టముగ తెలియును. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాను తారలు కలిసిన తరంగము వచ్చిన 1.7 సెకండ్లకు గామా కిరణముల మెఱుపు కనబడినది. ఇటలీలోని మూడవ త్రాసు తోడ్పడుటచేత దుర్భిణులు ఆ చోటును పట్టగలిగినవి. బంగారము వంటి బరువైన మూలకములు అట్టి కలయికలలో పుట్టునని తెలిసినది. శ్రీహరికోట నుండి 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్‌కు ఆ క్షణమున భూమియే అడ్డు వచ్చినది. అయినను, కనబడకపోవుటయు దిక్కు తేల్చుటకు పనికివచ్చినది.

ఇక హమాలీ మాట. దీనివలన అతనికి బియ్యము వచ్చునని చెప్పుట అబద్ధము. 1901లో ఈ నగరముననే ఆరంభమైన నిజామియా వేధశాల ఏడు లక్షలకు పైగా తారల స్థానములను కొలిచినది. నాడును బియ్యము రాలేదు. కాని హమాలీ కుమారునికి ఔంఢాలో కొలుచు చేతులలో ఒకటి తనదగు అవకాశము ఉండవలెను. నా తగవు 2,600 కోట్లతో కాదు, మూతపడిన బడి ప్రయోగశాలలతోనే. నేను పనిచేసిన ఒక పాఠశాలలో చక్కని భౌతిక త్రాసు ఉండెడిది. పిల్లలు పాడుచేయుదురను భయముతో దానిని ఏండ్ల తరబడి బీరువాలోనే ఉంచితిమి. తాళపుచెవి నాయొద్దనే యుండెను.

ఈ మాట చెప్పినపుడు శెట్టిగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఆదివారము ఇంటికి రండి. ఆ మూడు సూర్యుల తరుగు సంగతి మా మనుమనికి మీరే చెప్పవలెను" అనిరి.