పెదవుల పగుళ్లకు మైనపు లేపనము

ధనుర్మాసము వచ్చినదనగానే మా యింట నందఱి పెదవులును పగులుట ఆరంభమగును. ఈ యేడు అంగడి డబ్బీలను కొనక, ఇంటనే లేపనము చేసికొని చూతమని తలంచి పదునైదు దినములు వంటయింటిలో నొక మూలను ఆక్రమించితిమి. "పెదవికి వెన్న చాలకపోయెనా? ఈ వంటకమెందులకమ్మా?" అని మా అత్తగారు నవ్విరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని వెన్న యెంతోసేపు నిలువదు, వాసన వేయును.

పెదవి పైపొర మిక్కిలి పలుచన. అందు స్వేదగ్రంథులు లేవు. తక్కిన చర్మమునకు గల జిడ్డు రక్షణ దానికి లేదు. కావున లోని తడి పొడిగాలికి సులభముగా హరించిపోవును. నాలుకతో తడుపుకొన్నకొలదిని ఆ యుమ్మి ఆఱుచు మఱింత పొడిచేయును. లేపనమునకు ముఖ్యమైన పని యొక్కటియే: ఆ తడి పోకుండ మూతవలె నిలుచుట. ఇది యెఱుగకయే మేము మొదట చెడితిమి.

మొదటిమారు మైనము, కొబ్బరినూనె కరిగించి, రంగుకు బీట్‌రూటు రసమును, తెలుపుకు నిమ్మరసమును, మెఱుగుకు తేనెను చేర్చితిమి. చల్లారగా మైనము పైన, రసము క్రింద! నూనెకు నీటికి పొత్తు కుదరదని దినదినము పోపు వేయు మనకు వేఱే చెప్పవలెనా? ఐనను పారబోయ మనసొప్పక మా మేనకోడలికి పూసితిమి. "అత్తయ్యా, మండుచున్నది" అని యా పిల్ల చెప్పినను, "కొంచెము ఓర్చుకొమ్ము" అంటిమి. అది మా తప్పు. నిమ్మరసము పగుళ్లను మండించుటయే గాక, అది పూసికొని యెండలోనికి పోయినచో బొబ్బలెక్కి నల్లని మచ్చలు పడవచ్చును. దాల్చినచెక్క నూనె, పుదీన నూనె కూడ కొందఱికి పడవు. తేనె మాట మఱియు జాగ్రత్త: ఏడాది నిండని శిశువు నోటికి అది తగులరాదు, అందుండు ఒకానొక సూక్ష్మజీవి పసివారికి ప్రాణాపాయము తేగలదు.

మాకు కుదిరిన పాకము మిక్కిలి సాదాయైనది. తేనెపట్టు మైనము 10 గ్రాములు, కొబ్బరినూనె 30 గ్రాములు, ఆముదము 10 గ్రాములు. (ఆముదము పడనివారు నువ్వులనూనె వేసికొనవచ్చును.) కొవ్వొత్తుల మైనము దీనికి బదులు కాదు. మైనమును గిన్నెలో వేసి నేరుగ మంటమీద పెట్టరాదు, అంటుకొనును. మరుగునీటి గిన్నెలో చిన్నగిన్నె నుంచిన చాలును. 63 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున మైనము కరగును. కరగినపిదప చల్లని గరిటెపై నొక బొట్టు వేసి వ్రేలితో నొక్కి చూడుడు. గట్టిగానున్న నూనె, జాఱుగానున్న మైనము కొంచెము చేర్చవలెను. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరగును గనుక వేసవిలో మైనము 15 గ్రాములైనను కావలయును. తడి యేమాత్రము లేని పాత కుంకుమభరిణెలలో పోసితిమి. గిన్నెను వేడిమీదనే కాగితముతో తుడువుడు, చల్లారినచో వదలదు. మేమొక మంచి గిన్నె పోగొట్టుకొంటిమి.

ఇంత శ్రమ యేలనను వారు వాసెలీను పూసికొన్నను లోపము లేదు. 1872లో అమెరికాలో పేటెంటు పొందిన ఆ పదార్థము తడిని నిలుపుటలో మా మైనమునకు తీసిపోదు సరికదా, మించునది.

ఒక వారములో అందఱి పెదవులును మెత్తబడెను, మా తోడికోడలి పెదవులు తప్ప. ఆమెకు పగుళ్లు పెదవి నడుమ గాక నోటి రెండు మూలలను ఉండెను. ఆవులించిన నెత్తురు చిమ్మును. మేము మైనము హెచ్చించితిమి, తగ్గించితిమి, నూనె మార్చితిమి. తుదకు ఆమెయే, "అక్కయ్యా, నాకిది చలికాలపుది కాదు, శ్రావణమునుండియు నున్నది" అనెను. ఒకే యింట నుండి మేమిది గమనింపలేదు! అందఱికిని వడ్డించి, అడుగంటిన కూరతో, పలుచని మజ్జిగతో ఆమె కడపట తినుచున్నదని అపుడు తోచెను.

వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, ఇనుమును, రిబోఫ్లేవినను బి2 విటమినును చాలలేదని చెప్పి మందులు వ్రాసిరి. పాలు, పెరుగు, గ్రుడ్లు, ఆకుకూరలు తినుమనిరి. పాలను ఎండలో నుంచినచో నా విటమిను నశించునట. మూలల పగుళ్లు కొందఱికి బూజువంటి క్రిమివలనను, సరిపడని కట్టుడుపండ్లవలనను వచ్చునట. రెండు మూడు వారములు దాటినను మానని పుండైనను, తెల్లని మచ్చయైనను పెదవిపై నున్నయెడల లేపనములతో కాలము పుచ్చక వైద్యునకు చూపవలెను. చుట్ట, పొగాకు అలవాటుగలవారు మఱియు త్వరపడవలెను.

ఆమె యిపుడు మాతోపాటే విస్తరి వేసికొని కూర్చుండుచున్నది. వడ్డన వంతులవారీగా చేసికొనుచున్నాము. మొదటి రెండు దినములు మా మఱది మంచినీళ్లు తానే ముంచుకొనవలసివచ్చినందుకు కొంచెము గొణిగెను.