అర్ధరాత్రి దాటాక తప్పే తేదీ

"ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు" అని రాసి పక్కన పడేసే తేదీ తప్పుల్లో చాలావరకు గడియారం చూసుకుని మరీ వచ్చేవే. మన సమయం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. సర్వర్ యూటీసీ లెక్కన నడుస్తుంటే, ఇక్కడ అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5.30 దాకా దానికింకా నిన్నే. రాత్రి ఒంటిగంటకు పెట్టిన దరఖాస్తు ముందురోజు తేదీతో నమోదవుతుంది. పొద్దున పదింటికి అదే ఫారం నింపి చూసిన టెస్టర్‌కు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే కోడ్ తిరగేయడానికి ముందు, తప్పు పడిన వేళల్ని వరుసగా కాగితం మీద పెట్టాలి. అన్నీ ఆ అయిదున్నర గంటల్లోనే పడ్డాయంటే దొంగ దాదాపు దొరికినట్టే. ఈ గుమాస్తా పని ఎవరికీ నచ్చదు, అది వేరే సంగతి.

అన్నిటినీ యూటీసీలో దాస్తే సరిపోదా అంటారు. జరిగిపోయిన లావాదేవీకి సరిపోతుంది, పుట్టినరోజుకు సరిపోదు. అది క్షణం కాదు, క్యాలెండర్‌లో ఒక గడి. సమయం లేకుండా 2024-03-15 అని ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. హైదరాబాద్‌లో అది 15 ఉదయం 5.30, తేదీ చెడదు. డల్లాస్‌లో మాత్రం 14 సాయంత్రం ఏడు. రాసినవాడికి ఎన్నటికీ కనబడని తప్పు అక్కడి తెలుగు కుటుంబానికి రోజూ కనబడుతుంది. రేపటి అపాయింట్‌మెంట్లకూ యూటీసీ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే సమయ నియమాలను ప్రభుత్వాలు మార్చేస్తుంటాయి. 2011లో సమోవా డిసెంబరు 30ని ఏకంగా ఎగరగొట్టింది. ఇవన్నీ పరీక్షించే తీరికెక్కడిదనేవారు టెస్ట్ యంత్రం టైమ్‌జోన్‌ను ఒక్కసారి డల్లాస్‌కు మార్చి చూడొచ్చు. అది ఒక్క సెట్టింగ్ పని.