పింఛను ఇచ్చారు, నర్సును ఎప్పుడిస్తారు?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. జనాభాకు ఎంతమంది మానసిక ఆరోగ్య సిబ్బంది ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలను పదేళ్లలోగా అందుకునేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని ఆ చట్టంలోని 31వ సెక్షన్ చెబుతోంది. అంటే గడువు 2028. మరి ఎక్కడున్నాం? దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది సైకియాట్రిస్టులే ఉన్నారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2023లో ఎత్తిచూపింది. మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న నర్సులు లక్షకు 0.80 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నాటి నివేదిక తేల్చింది. డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు అందర్నీ కలుపుకొంటే ప్రపంచంలో ఈ సంఖ్య లక్షకు సుమారు 13. మనం దాని దరిదాపుల్లో లేము.

ఈ కొరత గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మన చర్చ డాక్టర్ల దగ్గర మొదలై డాక్టర్ల దగ్గరే ఆగిపోతోంది. సైకియాట్రిస్టు నెలకోసారి మందు రాస్తారు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు? మానసిక వ్యాధి ఉన్నవారికైనా, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవారికైనా, ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మంచం పట్టినవారికైనా రోజువారీ ఆసరా నర్సు. తెలుగు రాష్ట్రాలు రెండూ దివ్యాంగుల కోసం చాలా చేశామని చెప్పుకుంటున్నాయి. అందులో నిజం ఉంది. కానీ ఆ నర్సును మాత్రం ఇవ్వలేదు.

పింఛన్ల సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో అది 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. సదరం క్యాంపులు పెట్టి వైకల్య శాతాన్ని లెక్కగట్టి సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలుపెట్టాం. ఇవన్నీ మెచ్చుకోదగినవే, కొనసాగాల్సినవే. అయితే 15,000 పింఛను అందుకునే ఇంట్లోకి ఒక్కసారి తొంగిచూడాలి. నడుము కింద చచ్చుబడిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తుంటి దగ్గర, నడుము చివర, మడమల మీద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడుతోందా లేదా గమనించాలి. తెల్లబడకపోతే అది పడకపుండుకు తొలి గుర్తు. అక్కడ పట్టుకోకపోతే కొన్నాళ్లకు ఎముక కనిపించేంత లోతుకు పోతుంది, రక్తంలో ఇన్ఫెక్షన్ సోకి ప్రాణం తీస్తుంది. మూత్రం పైపు ఎలా శుభ్రం చేయాలో, ఎప్పుడు మార్చాలో తెలియాలి. ఇవన్నీ చేస్తున్నది ఆ ఇంటి తల్లో, భార్యో. ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పేవారు ఊళ్లో లేరు. పింఛను డబ్బులు ఆమె చేతికి వచ్చాయి, ఆమె పని మాత్రం తగ్గలేదు.

మాటలు రాని పిల్లల విషయంలో ఈ లోటు మరీ క్రూరంగా బయటపడుతుంది. ఆటిజం ఉన్న పిల్లవాడు ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెడతాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ జబ్బు ఉన్న పిల్లలు అంతేనమ్మా అని మత్తు కలిగించే మందు రాసి పంపేస్తారు. శిక్షణ ఉన్న నర్సయితే ముందు చెవులు చూస్తుంది, చీము ఉందేమోనని. నోరు తెరిపించి పన్ను పుచ్చిందేమో చూస్తుంది. ఎన్నాళ్లుగా విరేచనం కాలేదో తల్లిని అడుగుతుంది. నొప్పి అని చెప్పలేని పిల్లవాడు దాన్ని అలాగే చెబుతాడని ఆమెకు తెలుసు. వైకల్యం ఉన్నవారికి ఏ బాధ వచ్చినా దాన్ని వైకల్యం ఖాతాలోనే వేసేయడం ప్రపంచమంతటా వైద్యులు చేసే పొరపాటేనని, దానివల్ల తేలిగ్గా నయమయ్యే జబ్బులకు ప్రాణాలు పోతున్నాయని వైద్యరంగం ఎప్పుడో గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి అన్నం పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, మెత్తగా చేసి, చిన్న చెంచాతో పెట్టాలని ఎవరైనా చేసి చూపితే ఆ బిడ్డ ఆసుపత్రి మెట్లు ఎక్కాల్సిన సందర్భాలు ఎన్నో తప్పిపోతాయి.

మానసిక వ్యాధులకు మందులు వాడేవారి పరిస్థితీ ఇంతే. హాలోపెరిడాల్ ఇంజెక్షన్ పడిన కొన్ని గంటలకు మెడ ఒక పక్కకు తిరిగిపోయి, దవడ బిగుసుకుపోయిన కుర్రాణ్ని చూసి ఇంట్లోవాళ్లు గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు పరిగెడతారు. అది మందు తెచ్చిన ఇబ్బంది అని, విరుగుడు ఇంజెక్షన్‌తో కాసేపట్లో సర్దుకుంటుందని గుర్తించడానికి సైకియాట్రిస్టే రానక్కర్లేదు. గుర్తించే నర్సు అందుబాటులో ఉంటే చాలు. అలా జరగని చోట ఆ కుటుంబం మళ్లీ మందుల జోలికి వెళ్లదు. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది చికిత్సకు దూరంగానే ఉన్నారు. ఇంత పెద్ద అగాథానికి మందుల కొరత ఒక్కటే కారణమంటే నమ్మలేం. మందు మింగించి, దాని మంచిచెడ్డలు చూసే మనుషులు లేకపోవడం అందులో పెద్ద భాగం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచింది. ఆటిజాన్ని కొత్తగా అందులో చేర్చింది. 2011 జనగణన ప్రకారమే దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షలు. ఆ లెక్కలు ఈ జాబితా విస్తరించకముందువి. అదే చట్టంలో 47వ సెక్షన్ ఒకటుంది, దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల చదువుల్లో వైకల్యాన్ని ఒక పాఠ్యాంశంగా చేర్చాలని అది ఆదేశిస్తోంది. పుస్తకంలో ఒక అధ్యాయం పెట్టి పరీక్షలో ఒక ప్రశ్న అడిగితే ఆ ఆదేశం నెరవేరినట్టు కాదు.

మానసిక ఆరోగ్య చట్టంలో మరో చిక్కు ఉంది. సైకియాట్రిక్ నర్సింగ్‌లో డిప్లొమా లేదా డిగ్రీ ఉన్నవారినే కాక, సాధారణ నర్సింగ్ డిప్లొమా లేదా డిగ్రీతో నమోదైనవారిని కూడా మానసిక ఆరోగ్య నర్సులుగా లెక్కించే వీలు అందులోని నిర్వచనం కల్పించింది. మనుషుల కొరతను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన వెసులుబాటు కావచ్చు. కానీ గడువు దగ్గరపడినప్పుడు మామూలు వార్డుల నర్సులను ఈ ఖాతాలో చూపించి లెక్క సరిపోయిందనిపించే ప్రమాదం కళ్లకు కడుతోంది. రాష్ట్ర ప్రభుత్వాలు ఆ దారి తొక్కకూడదు. ప్రత్యేక శిక్షణ పొంది, ఆ విభాగంలోనే పనిచేస్తున్న నర్సులను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

శిక్షణ లేకపోలేదు. సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, రెండేళ్ల ఎం.ఎస్సీ ఉంది. బీఎస్సీ నర్సింగ్ చదివే ప్రతి విద్యార్థినీ మానసిక ఆరోగ్యం ఒక సబ్జెక్టుగా చదువుతుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికో, చినవాల్తేరులోని అలాంటి ఆసుపత్రికో కొన్ని వారాలు పోస్టింగ్‌కు వెళ్తుంది. అక్కడ మొదటిరోజు బితుకుబితుకుమంటూ అడుగుపెట్టిన అమ్మాయే పోస్టింగ్ ముగిసేసరికి రోగుల పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. ఇష్టం అక్కడే పుడుతుంది. ఆ తర్వాత దాన్ని చంపేసేది మనమే. పిచ్చాసుపత్రిలో నర్సంటే పెళ్లి సంబంధాలు రావని ఇంట్లో అంటారు. ఇష్టపడి పైచదువు చదివినా ఆ చదువుకు తగిన ప్రత్యేక పోస్టు ఉండదు. మానసిక ఆరోగ్యంలో స్పెషలైజేషన్ చేసిన నర్సును ప్రసూతి వార్డుకో, సర్జికల్ వార్డుకో వేసే పద్ధతిలో ఆ చదువుకు విలువేముంది? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. ఒక సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండే బృందం జిల్లాకు ఒకటి అన్నది దాని ఆలోచన. కాంట్రాక్టు కొలువులతో, ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూపులతో నడిచే బృందంలో ఎవరు కుదురుగా నిలుస్తారు? మానసిక రోగికి కావాల్సింది ప్రతిసారీ అదే ముఖం, అదే గొంతు. ఆర్నెల్లకోసారి నర్సు మారిపోతే వైద్యం మళ్లీ మొదటికొస్తుంది.

మన ఆడపిల్లలకు నర్సింగ్ నైపుణ్యం ఉందని విదేశాలు గుర్తించాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే జర్మనీకి, జపాన్‌కు నర్సులను పంపుతోంది. వెళ్లేవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే విదేశాలు ఈ వృత్తిని చూసే తీరునూ గమనించాలి. బ్రిటన్‌లో నర్సింగ్ నాలుగు శాఖలుగా ఉంది: పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, మేధో వైకల్యం. నాలుగో శాఖలో మూడేళ్ల డిగ్రీ చేసినవారు మేధో వైకల్యం ఉన్నవారికోసమే పనిచేస్తారు. డాక్టర్ దగ్గరకు తోడు వెళ్తారు, ఆపరేషన్ గురించి బొమ్మలతో అర్థమయ్యేలా చెబుతారు, ఇంటి దగ్గర కుటుంబానికి శిక్షణ ఇస్తారు. అక్కడ కూడా ఇంగ్లండ్‌లో ఆ శాఖను నిర్లక్ష్యం చేసినందుకు 2010 తర్వాత ఆ నర్సుల సంఖ్య పడిపోయింది. వృత్తికి గుర్తింపు ఇవ్వడం ఎంత అవసరమో, దాన్ని నిలబెట్టడమూ అంతే అవసరమని ఆ అనుభవం చెబుతోంది. మన దగ్గర ఆ శాఖే లేదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యంపై జాతీయ సంస్థ పనిచేస్తోంది. దాని అనుభవాన్ని నర్సింగ్ కాలేజీలకు జోడిస్తే ఈ శాఖకు పునాది ఇక్కడే పడుతుంది.

డబ్బెక్కడిదన్న ప్రశ్న వస్తుంది. కేంద్రం 2023లో 1,570 కోట్ల రూపాయలతో 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు ఆమోదం తెలిపింది. ఏటా 15,700 మంది నర్సులు అదనంగా వస్తారని చెప్పింది. చదివించడానికి డబ్బుంటే కొలువులో పెట్టుకోవడానికి ఎందుకుండదు? స్వచ్ఛంద సంస్థలు చూసుకుంటున్నాయిగా అని మరో వాదన. అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు లాంటి సంస్థలు దివ్యాంగుల కోసం చేసిన సేవ గొప్పది. అయితే చట్టం హక్కుగా ఇచ్చినదాన్ని దాతల దయకు వదిలేయడం ప్రభుత్వానికి తగదు. శిక్షణ పొందిన మనుషులు లేని చోట ఏం జరుగుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దేశం చూసింది. గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. వారిని గొలుసులతో కట్టేసింది ద్వేషంతో కాదు. చూసుకునే మార్గం తెలియక కుటుంబాలు వదిలేస్తే, చూసుకునే సిబ్బంది లేక అక్కడి ఆశ్రయ కేంద్రం నిర్వాహకులు కట్టేశారు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సినవి అసాధ్యమైనవేమీ కావు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, ఏరియా ఆసుపత్రిలో మానసిక ఆరోగ్య నర్సుల పోస్టులను రెగ్యులర్ ప్రాతిపదికన మంజూరు చేయాలి. ప్రత్యేక డిప్లొమా ఉన్నవారికి అదనపు అలవెన్సు ఇచ్చి, ఆ విభాగం నుంచి బదిలీ చేయకూడదు. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లలో, తెలంగాణలోని కొన్ని పల్లె దవాఖానాల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సేవల సిబ్బంది) ఇప్పటికే ఉన్నారు. వారు అందించాల్సిన సేవల్లో మానసిక ఆరోగ్యం కూడా ఉంది. పడకపుండ్లు, మూర్ఛ, మందుల దుష్ఫలితాలు, సంరక్షకుల కుంగుబాటు గుర్తించేలా వారికి గట్టి శిక్షణ ఇచ్చి, మంచం పట్టినవారి ఇళ్లకు నెలకు రెండుసార్లయినా వెళ్లేలా చూడాలి. పింఛను జాబితాలో ప్రతి పేరూ, ప్రతి చిరునామా ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఎవరింటికి వెళ్లాలో కొత్తగా సర్వే చేయాల్సిన పనే లేదు. నర్సింగ్ ప్రవేశాల్లో దివ్యాంగుల కోటాను కాలికి 40 నుంచి 50 శాతం వైకల్యం ఉన్నవారికే పరిమితం చేసిన నిబంధనను జాతీయ స్థాయిలో పునఃపరిశీలించేలా రాష్ట్రాలు ఒత్తిడి తేవాలి. వినికిడి పరికరంతో చక్కగా పనిచేయగల అమ్మాయి కౌన్సెలింగ్ నర్సు కాకూడదనడానికి కారణం కనిపించదు.

నర్సింగ్ చదువుతున్న పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ ఒక మాట. ఇది రెండో తరగతి ఉద్యోగం కాదు. ఈ పనికి వచ్చేవారికి సమాజం గౌరవం ఇవ్వాలంటే ముందు ఇంట్లో ఆ గౌరవం మొదలవ్వాలి. మిగతా బాధ్యత ప్రభుత్వాలది. వచ్చే బడ్జెట్‌లో ఈ పోస్టులకు ఆర్థిక శాఖ అనుమతి కనిపించాలి. అది లేకుండా 2028 గడువు గురించి శాసనసభల్లో చెప్పే ఏ మాటనూ నమ్మాల్సిన అవసరం ప్రజలకు లేదు.